సియాటిల్ మరీనర్స్ 2026 ప్లేఆఫ్ అవకాశాలు, జట్టు కూర్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 20న మా బేస్‌బాల్ జట్టు సియాటిల్ మరీనర్స్ అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో ఆటలో టొరంటో చేతిలో ఓడిపోయిన నాటి నుంచి, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ ప్రాంతాల్లోని తెలుగు మిత్రులు, ఇండియా నుంచి ఫోనులో పలకరించే బంధువులు నన్ను అడుగుతూ వస్తున్న ప్రశ్నలివి. సమాధానాలు 2025 డిసెంబర్ నెలాఖరు నాటి జట్టును బట్టి రాసినవి. నేను ఈ జట్టు అభిమానిని మాత్రమే, విశ్లేషకుడిని కాను. అందువల్ల లెక్కను లెక్కగానే చెప్పి, నా అభిప్రాయం కలిసిన చోట అది నాదేనని తెలిసేలా రాశాను.

ఈ జట్టు అభిమానులు గెలిచిన ఏడాది కూడా దిగులుగా ఎందుకు ఉంటారు?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని 30 జట్లలో తుది సమరమైన వరల్డ్ సిరీస్ గడప ఇంతవరకు తొక్కనిది మరీనర్స్ ఒక్కటే. జట్టు 1977లో మొదలైంది. 2026 దానికి యాభయ్యో సీజన్. ఇచిరో సుజుకి జపాన్ నుంచి వచ్చి చేరిన 2001లో 116 ఆటలు గెలిచి, 1906లో చికాగో కబ్స్ నెలకొల్పిన రికార్డును సమం చేసింది. అంత గెలిచిన జట్టు కూడా అమెరికన్ లీగ్ ఫైనల్లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో నాలుగు ఒకటి తేడాతో ఓడి ఇంటికి వచ్చింది. ఆ తరువాత 2002 నుంచి 2021 వరకు వరుసగా ఇరవై సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. 2022 సెప్టెంబర్ 30న ఓక్లాండ్‌తో ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యాక, మరొకరికి బదులుగా బ్యాటు పట్టుకుని వచ్చిన కాల్ రాలీ హోమ్ రన్ (మన సిక్సర్ వంటిది) కొట్టి ఆ కరవు తీర్చాడు. అంతకాలం ఎదురుచూసినవారికి గెలుపు మీద నమ్మకం కంటే అనుమానమే ముందు పుట్టడం సహజం.

ప్లేఆఫ్స్‌కు ఎన్ని జట్లు వెళతాయి? ఐపీఎల్ పద్ధతికీ దీనికీ తేడా ఏమిటి?

అమెరికన్ లీగ్ నుంచి ఆరు, నేషనల్ లీగ్ నుంచి ఆరు, మొత్తం పన్నెండు జట్లు వెళతాయి. 2022 నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. ప్రతి లీగ్‌లో మూడు డివిజన్ల విజేతలు, వారి తరువాత ఎక్కువ గెలుపులున్న మూడు జట్లు అర్హత పొందుతాయి. ఈ రెండో కోవకు వైల్డ్ కార్డ్ అని పేరు. డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి రౌండు నుంచి మినహాయింపు ఉంటుంది. తక్కినవారు మూడు ఆటల సిరీస్ ఆడి గెలవాలి. ఆపైన ఐదు ఆటల సిరీస్, ఏడు ఆటల లీగ్ ఫైనల్, చివరకు ఏడు ఆటల వరల్డ్ సిరీస్ ఉంటాయి.

ముప్ఫైలో పన్నెండు, ఐపీఎల్ పదిలో నాలుగు. నిష్పత్తి చూస్తే రెండూ నూటికి నలభైయే. తేడా ఆటల సంఖ్యలో ఉంది. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టు పద్నాలుగు ఆటలు ఆడితే, ఇక్కడ మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబర్ నెలాఖరు వరకు 162 ఆడాలి. వంద ఆటలు గెలిచిన గొప్ప జట్టు కూడా అరవై రెండు ఓడుతుంది. అందువల్ల సన్‌రైజర్స్ వరుసగా నాలుగు ఓడితే మనం తల పట్టుకున్నట్టు ఇక్కడ తల పట్టుకోనవసరం లేదు. రెండు జట్లకు గెలుపులు సమానమైతే నెట్ రన్ రేట్ వంటిది చూడరు. ఆ ఇద్దరి మధ్య జరిగిన ఆటల్లో ఎవరు ఎక్కువ గెలిచారన్నది మొదట చూస్తారు. పాత రోజుల్లో తేల్చుకోవడానికి అదనంగా 163వ ఆట ఆడేవారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు.

తొంభై గెలుపులు వస్తే ప్లేఆఫ్స్ ఖాయమేనా?

కాదు, దీనికి మరీనర్స్ చరిత్రే సాక్ష్యం. 2021లో 90 గెలిచి 72 ఓడింది, ప్లేఆఫ్స్ రాలేదు. 2022లో సరిగ్గా అవే 90, 72. వైల్డ్ కార్డ్ వచ్చింది. 2025లో మళ్లీ అవే 90, 72. ఈసారి 2001 తరువాత తొలిసారిగా డివిజన్ టైటిల్‌తో పాటు తొలి రౌండు మినహాయింపు కూడా వచ్చింది. ఒకే అంకె మూడు రకాల ఫలితాలు ఇచ్చిందంటే, పక్క జట్లు ఎలా ఆడాయన్నది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 2025లో మన డివిజన్‌లో రెండో స్థానంలో నిలిచిన హ్యూస్టన్ ఆస్ట్రోస్ 87 గెలిచి కూడా, అన్నే గెలిచిన డెట్రాయిట్‌తో ముఖాముఖి లెక్కలో వెనుకబడి ఇంట్లో కూర్చుంది.

ఈ మూడు సీజన్లలోనూ బలం ఒకటి కాదు. 2021 జట్టు చేసిన పరుగుల కంటే ఇచ్చిన పరుగులు 51 ఎక్కువ. అంటే గెలిచినప్పుడు ఒక్క పరుగు తేడాతో, ఓడినప్పుడు చిత్తుగా. అటువంటి జట్టు మరుసటి ఏడాది కూడా అదే విధంగా నెగ్గుకొస్తుందని ఆశించలేము. గెలుపోటముల పట్టిక కంటే పరుగుల తేడా చూడమని నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇందుకే.

మిగిలిన రెండేళ్ల సంగతి చెప్పకపోతే ఈ సమాధానం పూర్తి కాదు. 2023లో 88 గెలిచి ఒక్క ఆట తేడాతో, 2024లో 85 గెలిచి మళ్లీ ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోయాయి. 2024 జూన్ మధ్యలో డివిజన్‌లో పది ఆటల ఆధిక్యం ఉండగా, నెల తిరిగేసరికి అది ఆవిరైంది. ఆగస్టులో మేనేజర్ స్కాట్ సర్వైస్‌ను తొలగించి, ఒకప్పుడు ఇదే జట్టుకు క్యాచర్‌గా ఆడిన డాన్ విల్సన్‌కు పగ్గాలు అప్పగించారు. ఒక్క ఆట అంటే ఏప్రిల్‌లో చలికి వణుకుతూ ఎవరూ పట్టించుకోని మంగళవారం రాత్రి బుల్‌పెన్‌లో (ఆట మధ్యలో బంతి వేయడానికి దిగే పిచ్చర్ల బృందంలో) ఆరో మనిషి పోగొట్టిన ఆట కావచ్చు. జట్టు కూర్పులో చివరి ముగ్గురు నలుగురి గురించి నేను అంత పట్టుపట్టి మాట్లాడేది అందుకే.

మ్యాజిక్ నంబర్ అంటే ఏమిటి?

ముందున్న జట్టు గెలుపులు, వెనకున్న జట్టు ఓటములు కలిపి 163లోంచి తీసివేస్తే వచ్చేదే మ్యాజిక్ నంబర్. మనం గెలిచిన ప్రతిసారీ, వాళ్లు ఓడిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే టైటిల్ మనది. 2025 సెప్టెంబర్ మూడో వారంలో మరీనర్స్, ఆస్ట్రోస్ 84 గెలుపులు, 69 ఓటములతో సమానంగా నిలిచి హ్యూస్టన్‌లో మూడు ఆటలకు తలపడ్డాయి. మరీనర్స్ మూడూ గెలిచింది. అప్పుడు మన గెలుపులు 87, వాళ్ల ఓటములు 72. 163లోంచి తీసివేస్తే నాలుగు. ముఖాముఖి లెక్కలోనూ మనదే పైచేయి కావడంతో సమానమైనా టైటిల్ మనదే కనుక మరొకటి తగ్గి మూడు అయింది. సెప్టెంబర్ 24న కొలరాడో రాకీస్‌పై గెలిచిన రాత్రి అది పూర్తిగా కరిగిపోయింది. అదే రాత్రి రాలీ 59వ, 60వ హోమ్ రన్‌లు కొట్టాడు.

26 మంది, 40 మంది అని రెండు జాబితాలు ఎందుకు?

ఒక రోజు ఆటకు అందుబాటులో ఉండేవారు 26 మంది; సెప్టెంబర్‌లో ఇది 28 అవుతుంది. వారితో పాటు కింది స్థాయి లీగ్‌లలో ఆడుతూ, అవసరమైనప్పుడు పైకి పిలవదగినవారిని కలిపితే 40 మంది. గాయపడిన బ్యాటర్‌ను కనీసం పది రోజులు, పిచ్చర్‌ను పదిహేను రోజులు గాయాల జాబితాలో పెట్టి ఆ స్థానంలో మరొకరిని దించవచ్చు.

ఇరవై ఆరో మనిషి విలువ తెలియాలంటే లియో రివాస్‌ను చూడాలి. ఏళ్ల తరబడి చిన్న లీగ్‌లలో తిరిగిన పొట్టి మనిషి. జట్టు బస్సులో పక్కన కూర్చున్నా ఎవరూ గుర్తుపట్టనంత సామాన్యుడు. 2025 అక్టోబర్ 10, డెట్రాయిట్ టైగర్స్‌తో నిర్ణాయకమైన ఐదో ఆట. ఆ ఏడాది లీగ్‌లో అందరికంటే గొప్ప పిచ్చరైన టారిక్ స్కూబల్ మన బ్యాటర్లను పదమూడు సార్లు స్ట్రైక్ అవుట్ చేసి (బంతి కొట్టనివ్వకుండా వెనక్కి పంపి) వెళ్లాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉండగా మరొకరికి బదులుగా రివాస్‌ను పంపారు. కొట్టిన ఒక్క సింగిల్‌తో స్కోరు సమమైంది. ఆ రోజు అతని పుట్టినరోజు. అక్కడి నుంచి ఆట పదిహేనో ఇన్నింగ్స్ వరకు సాగి, హోర్హే పొలాంకో సింగిల్‌తో మూడు రెండుగా ముగిసింది. దాదాపు ఐదు గంటలు పట్టింది. స్టార్లు గెలిపించిన ఆటగా దాన్ని గుర్తుంచుకునేవారు రివాస్‌ను మరచిపోతున్నారు.

మరీనర్స్ పిచింగ్ గురించి అందరూ గొప్పగా చెబుతారు. నిజంగా అంత బలమైనదా?

అవును, ఈ జట్టు ఆస్తి అదే. ఆట మొదలుపెట్టే పిచ్చర్లలో (స్టార్టర్లలో) లోగన్ గిల్బర్ట్, జార్జ్ కర్బీ, బ్రయన్ వూ, బ్రైస్ మిల్లర్ నలుగురూ డ్రాఫ్టులో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) సొంతంగా ఎంచుకుని పెంచినవారు. గిల్బర్ట్, కర్బీ తొలి రౌండులో వచ్చారు కనుక వారి మీద మొదటి నుంచీ అంచనాలున్నాయి. మిల్లర్ నాలుగో రౌండులో, వూ ఆరో రౌండులో దొరికారు. ఐదోవాడు లూయిస్ కాస్టీయో 2022 జులైలో సిన్సినాటి నుంచి ట్రేడులో వచ్చాడు. ఆరో రౌండులో తీసుకున్న వూ 2025లో తన మొదటి ఇరవై ఐదు ఆటల్లో ప్రతిసారీ ఆరు ఇన్నింగ్స్‌కు తగ్గకుండా వేశాడు. ఈ రోజుల్లో అది అరుదు. వంగడం మంచిదైతే చాలదు, నీరు పెట్టే చెయ్యి కూడా తెలిసినదై ఉండాలి; ఈ జట్టు పిచ్చర్లను పెంచే తీరు ఆ కోవలోది.

అయితే 2025లో ఈ ఐదుగురూ ఒకేసారి ఆరోగ్యంగా ఉన్న రోజులు తక్కువ. కర్బీ భుజం నొప్పితో సీజన్ మొదలుపెట్టలేకపోయాడు, గిల్బర్ట్, మిల్లర్ మోచేతి సమస్యలతో కొన్ని వారాలు దూరమయ్యారు, వూ సెప్టెంబర్‌లో ఛాతీ కండరం పట్టేసి డెట్రాయిట్ సిరీస్‌కు అందుబాటులో లేకుండా పోయాడు. ఇంత జరిగినా తొంభై గెలిచారంటే, ఐదుగురిలో నలుగురైనా నిలకడగా ఉండే ఏడాది ఎలా ఉంటుందో ఊహించవచ్చు. నా ఆశ అంతా దీని మీదే, నా భయం కూడా దీని మీదే. పిచ్చర్ మోచెయ్యిని నమ్ముకుని ఇల్లు కట్టినవాడు ఎవరూ లేరు.

బుల్‌పెన్‌లో క్లోజర్ (ఆధిక్యం కాపాడటానికి చివర్లో దిగే పిచ్చర్) ఆంద్రేస్ మునోజ్ 2025లో 38 ఆటలు ముగించాడు. అతని ముందు మ్యాట్ బ్రాష్, గేబ్ స్పైయర్, ఎడ్వర్డ్ బజార్డో ఉన్నారు. ఎడమచేతి వాటం కొరత తీర్చడానికి డిసెంబర్‌లో వాషింగ్టన్ నుంచి హోసే ఫెరర్‌ను తెచ్చుకుని, యువ క్యాచర్ హ్యారీ ఫోర్డ్‌ను వదులుకున్నారు. ఫోర్డ్ ప్రతిభ గలవాడే. కానీ రాలీ ఉన్న ఇంట్లో మరో క్యాచర్‌కు చోటెక్కడ?

కాల్ రాలీ మళ్లీ అరవై కొడతాడా?

కొట్టకపోవచ్చు, కొట్టనవసరం కూడా లేదు. 2025లో రాలీ చేసినది ఎంత అసాధారణమో ముందు చెప్పాలి. క్యాచర్ పని వికెట్‌కీపర్ పని వంటిదే గాని, రోజుకు నూట యాభై సార్లు కూర్చుని లేవాలి, గంటకు తొంభై ఐదు మైళ్లకు మించి వచ్చే బంతిని పట్టాలి, ప్రతి బంతికీ పిచ్చర్‌తో కలిసి వ్యూహం నిర్ణయించాలి. ఆ పని చేస్తూ 60 హోమ్ రన్‌లు. అంతకుముందు ప్రధానంగా క్యాచర్‌గా ఆడిన వారి రికార్డు సాల్వడోర్ పెరెజ్ 2021లో కొట్టిన 48. రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేసేవారి రికార్డు 1961 నుంచి మికీ మాంటిల్ పేరిట ఉన్న 54. మరీనర్స్ రికార్డు కెన్ గ్రిఫీ జూనియర్ రెండుసార్లు కొట్టిన 56. మూడూ ఒకే వేసవిలో కూలిపోయాయి. అయినా అత్యుత్తమ ఆటగాడి అవార్డు స్వల్ప తేడాతో ఆరన్ జడ్జికి వెళ్లింది. దాని మీద మా ఇంట్లో ఇంకా పంచాయతీ నడుస్తూనే ఉంది.

2026లో అతను నలభై కొట్టి, రక్షణలో ఇదే స్థాయి నిలబెట్టుకున్నా జట్టుకు చాలు. 2025 మార్చిలోనే ఆరేళ్లకు పది కోట్ల యాభై లక్షల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు కనుక, అతను వెళ్లిపోతాడేమోనన్న బెంగ ప్రస్తుతానికి లేదు.

2025లో జులైలో తెచ్చుకున్నవారు ఉన్నారా, పోయారా?

ఒకరు ఉన్నారు. అరిజోనా నుంచి వారం వ్యవధిలో జాష్ నేలర్, యూహేనియో సువారెజ్ ఇద్దరినీ తెచ్చారు. మొదటి బేస్‌లో ఆడే నేలర్ లీగ్‌లో అతి నెమ్మదిగా పరిగెత్తేవారిలో ఒకడు. అయినా సియాటిల్ వచ్చాక 19 సార్లు బేస్ దొంగిలించడానికి (పిచ్చర్ ఏమరుపాటున తరువాతి బేస్‌కు పరిగెత్తడానికి) ప్రయత్నించి 19 సార్లూ దక్కించుకున్నాడు. పిచ్చర్ మెడ ఎటు తిరుగుతోందో, భుజం ఎప్పుడు కదులుతోందో చూసి, అందరూ ఇతను కదలడులే అనుకునే క్షణంలో బయలుదేరతాడు. కాళ్లలో లేని వేగం కళ్లలో ఉంది. నవంబర్‌లో ఐదేళ్లకు తొమ్మిది కోట్ల ఇరవై ఐదు లక్షల డాలర్లకు అతన్ని నిలబెట్టుకున్నారు. ఈ శీతాకాలంలో జట్టు చేసిన అత్యుత్తమమైన పని అదే.

సువారెజ్ ఆ ఏడాది రెండు జట్లకు కలిపి 49 హోమ్ రన్‌లు కొట్టినా, సియాటిల్‌లో స్ట్రైక్ అవుట్లు కూడా ఎక్కువే. టొరంటోతో ఐదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతను కొట్టిన గ్రాండ్ స్లామ్ (నాలుగు పరుగుల హోమ్ రన్) చూసినవారు ఆ లెక్కలన్నీ మరచిపోయారు. 2025 డిసెంబర్ నెలాఖరుకు అతను ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనూ ఒప్పందం లేనివాడు), అప్పటికి ఎక్కడా చేరలేదు. పొలాంకో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిపోయాడు. అతను వెళ్లడమే నన్ను ఎక్కువ బాధించింది. 26 హోమ్ రన్‌లు పోయాయి సరే. గట్టి పిచ్చర్ ఎదురైనప్పుడు బెదరని బ్యాటు కూడా పోయింది. డెట్రాయిట్‌తో రెండో ఆటలో స్కూబల్ మీద అతను రెండు హోమ్ రన్‌లు కొట్టాడు.

అయితే ఇప్పుడు జట్టులో ఖాళీలు ఎక్కడ ఉన్నాయి?

రెండో బేస్, మూడో బేస్, డెసిగ్నేటెడ్ హిట్టర్ (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు). రెండో బేస్‌లో కోల్ యంగ్, మూడో బేస్‌లో బెన్ విలియమ్సన్ యువకులు. ఫీల్డింగ్‌లో విలియమ్సన్‌కు వంక పెట్టలేము గాని, బ్యాటులో బలం చాలదు. 2023లో తొలి రౌండులో తీసుకున్న కోల్ట్ ఎమర్సన్ మీద యాజమాన్యానికి గంపెడాశ ఉంది. ఇరవై ఏళ్ల కుర్రవాడిని ఏప్రిల్‌లోనే దించి, ఈ ఏడాది నువ్వే గట్టెక్కించాలి అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. షార్ట్‌స్టాప్ జే.పి. క్రాఫోర్డ్, అవుట్‌ఫీల్డర్ రాండీ అరోజరేనా ఇద్దరికీ 2026 ఒప్పందంలో చివరి ఏడాది. కాబట్టి ఈ జట్టు ఇదే రూపంలో కనిపించే చివరి వేసవి కూడా ఇదే కావచ్చు. రెండో, మూడో బేస్‌లలో ఒకదానికైనా అనుభవజ్ఞుడిని తెచ్చుకోకుండా మార్చి రాకూడదు.

హూలియో రోడ్రిగెజ్ మీద విమర్శలు న్యాయమైనవేనా?

సగం. 2025లో 32 హోమ్ రన్‌లు, 30 బేస్ దొంగతనాలు చేశాడు. సెంటర్‌ఫీల్డ్‌లో అతని రక్షణ లీగ్‌లో ముందు వరుసలో ఉంటుంది. ఏటా మే, జూన్ వరకు చల్లగా ఉండి, ఎండలు ముదిరాక విజృంభిస్తాడు. ఒక్క ఆట తేడాతో సీజన్లు పోగొట్టుకున్న జట్టులో ఆ ఆలస్యపు ఆరంభం చిన్న విషయం కాదు. అయినా అతను లేకుండా ఈ జట్టును ఊహించలేము.

ఏడో ఆటలో అసలు ఏమి జరిగింది? తప్పు మేనేజర్‌దేనా?

ఆ రోజు దీపావళి. ఇక్కడ సాయంత్రం ఐదు దాటాక ఆట మొదలైంది. మా వసారాలో ప్రమిదలు వెలిగిస్తూ, లోపలి నుంచి వినిపించే కేకలను బట్టి స్కోరు ఊహించుకున్నాను. టొరంటోలో మొదటి రెండు ఆటలూ గెలిచి, సొంత మైదానంలో మూడింటిలో రెండు ఓడి, ఆరోది కూడా పోగొట్టుకుని ఏడో ఆట వరకు వచ్చారు. రోడ్రిగెజ్, రాలీ హోమ్ రన్‌లతో ఆరు ఇన్నింగ్స్ ముగిసేసరికి మూడు ఒకటిగా ముందున్నారు. వరల్డ్ సిరీస్‌కు ఎనిమిది అవుట్ల దూరం వరకు వెళ్లారు.

ఏడో ఇన్నింగ్స్‌లో వూ ఒక వాక్ (నాలుగు తప్పు బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే బేస్), ఒక సింగిల్ ఇచ్చాడు. తరువాతి బ్యాటర్ బంతిని మెల్లగా తట్టి (బంట్‌తో) ఇద్దరినీ ముందుకు జరిపాడు. అనుభవజ్ఞుడైన జార్జ్ స్ప్రింగర్ వస్తున్నాడు. డాన్ విల్సన్ బజార్డోను పిలిచాడు. స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. ఆట నాలుగు మూడుగా ముగిసింది. చివరి అవుట్ రోడ్రిగెజ్ స్ట్రైక్ అవుట్. నూనె ఇంకా ఉన్న దీపాలను ఆ రాత్రి ఎవరూ చూడలేదు.

ఉన్నవాళ్లందరిలో గొప్పవాడైన మునోజ్‌ను అప్పుడే ఎందుకు తేలేదన్నది అందరి ప్రశ్న. క్లోజర్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్‌కు దాచుకోవడం అలవాటు. సీజన్ అంతటినీ తేల్చే క్షణం ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చినప్పుడు ఆ అలవాటును పక్కన పెట్టవలసింది. నేను ఇప్పటికీ అదే అంటాను. అయితే బజార్డో ఆ అక్టోబర్‌లో జట్టును చాలాసార్లు గట్టెక్కించినవాడన్న సంగతి మరచిపోకూడదు. పైగా డెట్రాయిట్‌తో పదిహేను ఇన్నింగ్స్ ఆట గెలవడానికి గిల్బర్ట్, కాస్టీయో వంటి స్టార్టర్లను సైతం బుల్‌పెన్ నుంచి వాడేశారు. ఆ అప్పు టొరంటోలో తీర్చవలసి వచ్చింది.

యాజమాన్యం డబ్బు ఖర్చు పెట్టదన్న ఆరోపణ నిజమేనా?

2023 సీజన్ ముగిశాక బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి జెరీ డిపోటో, పదేళ్లలో నూటికి 54 ఆటలు గెలవడం లక్ష్యమన్న అర్థం వచ్చేలా మాట్లాడి, అభిమానుల చేత నానా మాటలు పడ్డాడు. 162లో 54 శాతం అంటే 87 పైచిలుకు. అంటే ఏటా వైల్డ్ కార్డ్ గుమ్మం దగ్గర నిలబడటం. గణితం తప్పు కాదు, ఒక్క ఆట తేడాతో ప్లేఆఫ్స్ పోయిన కొద్ది రోజులకే చెప్పవలసిన మాట కాదు. 2025 జులైలో మాత్రం ఆ పిసినారితనం కనిపించలేదు. నేలర్ ఒప్పందం కూడా మంచి సూచనే. పొలాంకో స్థానాన్ని ఎవరితో నింపుతారన్నదాన్ని బట్టి మిగతా తీర్పు చెప్పవచ్చు.

మరి 2026లో అవకాశం ఎంత?

నా అంచనాలో ప్లేఆఫ్స్‌కు వెళ్లే అవకాశం పదిలో ఏడు, డివిజన్ గెలిచే అవకాశం సగానికి కొంచెం ఎక్కువ. ఆస్ట్రోస్ పాత బలంలో లేదు. టెక్సాస్ రేంజర్స్‌కు పిచింగ్ ఉంది, బ్యాటింగ్ నమ్మలేము. అథ్లెటిక్స్ కుర్రాళ్లు బాగా కొడతారు, వాళ్ల పిచ్చర్లు అంతకంటే బాగా పరుగులు ఇస్తారు. ఏంజెల్స్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు.

వరల్డ్ సిరీస్ గెలవడం వేరే లెక్క. ప్రతి సిరీస్ నాణెం ఎగరేయడంతో సమానమనుకుంటే, తొలి రౌండు మినహాయింపు ఉన్న జట్టు మూడు సిరీస్‌లు గెలవాలి కనుక అవకాశం ఎనిమిదిలో ఒకటి. వైల్డ్ కార్డ్ జట్టు నాలుగు గెలవాలి కనుక పదహారులో ఒకటి. డివిజన్ గెలిచి మొదటి రెండు స్థానాల్లో ఉండటం వల్ల అవకాశం రెట్టింపవుతుంది.

టీ-మొబైల్ పార్క్‌లో హోమ్ రన్‌లు తక్కువ ఎందుకు?

సముద్రం పక్కన చల్లని, బరువైన గాలి. ఏప్రిల్, మే రాత్రుల్లో బాగా తగిలిన బంతి కూడా కంచె ముందే వాలిపోతుంది. పిచ్చర్లకు ఇది వరం. బయటి నుంచి పేరున్న బ్యాటర్లు ఇక్కడికి రావడానికి జంకడానికి ఇదొక కారణం. రాలీ అరవై కొట్టినది సగం ఆటలు ఇటువంటి మైదానంలో ఆడి. పైకప్పు మూసే సదుపాయం ఉంది కనుక వానకు ఆట ఆగదు. వేయించిన మిడతలు అమ్ముతారన్నది కూడా నిజమే. ఉప్పూ కారం తగిలించి ఇస్తారు, నేను ఒకటి తిన్నాను, అప్పడం ముక్కలా కరకరలాడింది.

మంత్రగత్తె కథ నిజమేనా?

నిజమే. సెప్టెంబర్ మొదట్లో జట్టు తడబడుతుంటే, ఒక అభిమాని ఇంటర్నెట్‌లో ఎట్సీ అనే బజారులో మంత్రాలు వేసేవారికి డబ్బు కట్టి జట్టుకు పట్టిన శని వదిలించమన్నాడు. ఆ వెంటనే వరుసగా పది ఆటలు గెలిచారు. గుమ్మడికాయతో దిష్టి తీసే మనవాళ్లకు ఇందులో వింత ఏమీ తోచలేదు. నిమ్మకాయలు కట్టి ఉంటే ఏడో ఆట కూడా గెలిచేవాళ్లమని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. దీనికి తోడు మైదానంలో ఆట మధ్యలో సాల్మన్ చేపల వేషాల్లో నలుగురు పరుగుపందెం పెట్టుకుంటారు. ఎప్పుడూ ఓడే హంపీ అనే చేప డెట్రాయిట్‌తో ఐదో ఆట రాత్రి మొదటిసారి గెలిచింది.

2026లో నియమాలు ఏమైనా మారుతున్నాయా?

ముఖ్యమైన మార్పు ఒకటి. బంతి స్ట్రైకా (సరైన బంతా), బాలా (తప్పు బంతా) అన్న అంపైర్ నిర్ణయాన్ని ఇకపై సవాలు చేయవచ్చు. క్రికెట్‌లో డీఆర్ఎస్ తెలిసినవారికి వివరించనవసరం లేదు. జట్టుకు రెండు అవకాశాలు, సవాలు నెగ్గితే అది మిగులుతుంది. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ మాత్రమే తల తట్టి అడగాలి, డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి సైగలు పనికిరావు. బంతిని అందరికంటే దగ్గరగా చూసేది క్యాచర్ కనుక రాలీ తీర్పు మీద ఆట మలుపులు ఆధారపడే సందర్భాలు ఉంటాయి.

హైదరాబాద్, విజయవాడల నుంచి ఆట ఏ వేళకు చూడవచ్చు?

వేసవిలో సియాటిల్‌కు ఇండియా పన్నెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ సాయంత్రం 6:40కి మొదలయ్యే ఆట అక్కడ మరునాటి ఉదయం 7:10కి వస్తుంది. కాఫీతో మొదలుపెట్టి ఉదయం పది కొట్టేలోపు ముగించవచ్చు. గుంటూరులోని మా నాన్నగారు ఇలాగే అలవాటుపడ్డారు. డెట్రాయిట్‌తో పదిహేను ఇన్నింగ్స్ ఆట శనివారం తెల్లవారుజామున మొదలై అక్కడ పదిన్నర దాకా సాగింది. ఇడ్లీ చల్లారిపోయిందని అమ్మ కేకలేస్తున్నా ఆయన కుర్చీలోంచి లేవలేదు.